ఇంట్లో కారు పనులకు హైడ్రాలిక్ ప్రెస్: ఎన్ని టన్నులది తీసుకోవాలి?

షెడ్డు ఆసామి (హనుమకొండ):

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒక పాత స్విఫ్ట్, పొలం పనులకు తిరిగే ఒక బొలెరో ఉన్నాయి. ఆయిల్ మార్చడం మొదలుకొని బ్రేకులు, షాక్ అబ్జార్బర్ల వరకు చాలా పనులు ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులో నేనే చేసుకుంటాను. అయితే ఒత్తి దింపవలసిన, ఒత్తి ఎక్కించవలసిన భాగం ఎదురైన ప్రతిసారీ పని అక్కడితో ఆగిపోతోంది. ప్రస్తుతం స్విఫ్ట్ ముందు ఎడమ చక్రం బేరింగ్ 60 కిలోమీటర్ల వేగం దాటగానే మోత పెడుతోంది, లోయర్ ఆర్మ్ బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) పగుళ్లిచ్చాయి, బొలెరో వెనక కమాన్ పట్టీల బుష్‌లు కూడా మార్చవలసిన స్థితిలో ఉన్నాయి. విప్పిన నకుల్‌ను (చక్రం బేరింగ్ కూర్చునే ఇనుప భాగాన్ని) సంచిలో వేసుకుని లేత్ షాపుకు వెళితే, అక్కడ పెద్ద లారీల పని అయ్యేదాకా ఎదురుచూడవలసి వస్తుంది. ఆదివారమైతే షాపే ఉండదు.

అందువల్ల సొంతంగా ఒక ప్రెస్ కొనాలని అనుకుంటున్నాను. 10, 12, 20, 30 టన్నులని రకరకాలు కనిపిస్తున్నాయి. కొన్నింటికి చట్రం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, కొన్నింటికి రెండు స్తంభాలూ నిట్టనిలువుగా ఉంటాయి. కొన్నింటిలో మామూలు బాటిల్ జాకే కూర్చుని ఉంటుంది, మరికొన్నింటికి పక్కన విడిగా చేతిపంపు, ఒత్తిడి చూపే గేజీ ఉంటాయి. మా ఊళ్లోని వెల్డింగ్ షాపు ఆయన అయితే ఉక్కు చానెళ్లు తెచ్చిస్తే చట్రం తానే కట్టిస్తానని, 20 టన్నుల జాక్ ఒకటి కొనుక్కుంటే సరిపోతుందని అంటున్నాడు. నా దగ్గర 30 వేల రూపాయల వరకు ఉన్నాయి. షెడ్డు 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, కింద కాంక్రీటు గచ్చు. అనుభవజ్ఞులు దారి చూపించగలరు.

లేత్‌పని (విజయవాడ):

షెడ్డు ఆసామి గారూ, అందరూ టన్నుల దగ్గర మొదలుపెడతారు, మీరూ అక్కడే మొదలుపెట్టారు కాబట్టి ముందుగా ఆ సంగతి చూద్దాం. మీ స్విఫ్ట్ వంటి చిన్న కారులో శుభ్రం చేసిన నకుల్‌లోకి కొత్త బేరింగ్ దిగడానికి మామూలుగా 2 నుంచి 5 టన్నుల బలం చాలు. లోయర్ ఆర్మ్ బుష్‌లకు అంత కూడా పట్టదు. బలం అసలు కావలసింది పాతదాన్ని బయటికి తీసేటప్పుడు: ఏళ్ల తరబడి వాననీళ్లు తాగి తుప్పుతో కరుచుకుపోయిన బేరింగ్ 10 టన్నులు దాటినా కదలకుండా మొండికేసి, ఆ తరువాత తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడుతో వదులుతుంది. అంటే లెక్క ప్రకారం 12 టన్నుల ప్రెస్‌తో మీ పనులు చాలావరకు జరిగిపోతాయి. అయినా నేను మిమ్మల్ని 20 టన్నులదే తీసుకోమంటాను. కారణం బలం కాదు, చోటు.

10, 12 టన్నుల ప్రెస్‌లలో చాలావాటివి పైకి సన్నబడే, ఇంగ్లీషు A అక్షరం ఆకారపు చట్రాలే. వాటి స్తంభాల మధ్య నకుల్‌ను పెట్టి చూడండి. దానికి ఒక పక్క స్టీరింగ్ చెయ్యి, ఇంకో పక్క కాలిపర్ చెవులు, కింద బాల్ జాయింట్ బిగించే కొమ్ము ఉంటాయి. ఏదో ఒకటి స్తంభానికి తగులుతుంది, లేదా బేరింగ్ కేంద్రం సరిగ్గా రామ్ (కిందికి ఒత్తే కడ్డీ) కిందికి రాదు. కేంద్రం తప్పితే బేరింగ్ వాలుగా దిగుతుంది, వాలుగా దిగిన బేరింగ్ నకుల్ లోపలి గోడను గీరుకుంటూ పోతుంది, ఆ తరువాత ఎంత మంచి బేరింగ్ వేసినా అక్కడ పట్టు నిలవదు. హెచ్ ఆకారపు 20 టన్నుల ప్రెస్‌లో స్తంభాల మధ్య దాదాపు అడుగున్నర పైన చోటు దొరుకుతుంది, బెడ్‌ను (వస్తువును పెట్టే అడుగు దూలాన్ని) పిన్నులు తీసి పైకీ కిందికీ జరుపుకోవచ్చు. మీ కమాన్ పట్టీలకు కూడా ఇదే కావాలి: పట్టీని పక్కకు పడుకోబెట్టి, కన్ను రామ్ కిందికి వచ్చేలా ముందు నుంచి వెనక్కి దూర్చి, బయటికి పొడుచుకొచ్చిన కొసకు ఒక స్టాండు ఆనించాలి.

ఇక జాకా, పంపా అన్నది. బాటిల్ జాక్ ఉన్న ప్రెస్‌లో జాక్ ఒక అడ్డ దూలం మీద నిటారుగా కూర్చుని పై దూలాన్ని తన్నుతుంది, దాంతో ఆ అడ్డ దూలం కిందికి దిగుతుంది. రెండు స్ప్రింగులు దాన్ని మళ్లీ పైకి లాగుతాయి. ధర తక్కువ, పాడైతే జాక్ ఒక్కటే మార్చుకోవచ్చు. లోపం ఏమిటంటే హ్యాండిల్ అడ్డ దూలంతో పాటు కిందికి దిగుతూ ఉంటుంది, పైగా ఎంత బలం పడుతోందో చేతికి తెలియాలే తప్ప కంటికి తెలియదు. విడిగా సిలిండర్, చేతిపంపు, గేజీ ఉన్న రకంలో మీరు ఒక పక్కగా నిలబడి పని చూస్తూ పంపు కొట్టవచ్చు. ఇంట్లో నేర్చుకుంటూ చేసేవారికి గేజీ విలువ చాలా ఎక్కువ. బేరింగ్ సవ్యంగా దిగుతున్నంతసేపు ముల్లు నిదానంగా పైకి పోతుంది. అకస్మాత్తుగా ఎగబాకిందంటే బేరింగ్ అడుగుకు తగిలినట్టు, లేదా అడ్డం తిరిగినట్టు. ఏదైనా సరే వెంటనే చెయ్యి ఆపాలి. 60 మిల్లీమీటర్ల రామ్ ఉన్న సిలిండర్ అయితే గేజీ మీద ప్రతి 100 బార్ల ఒత్తిడికి దాదాపు 2.9 టన్నులు అనుకోండి, 700 బార్ దగ్గర 20 టన్నులు నిండుతాయి.

మీ 30 వేలూ ప్రెస్ మీదే పెట్టవద్దు. ఒత్తడానికి ప్రెస్ ఎంత అవసరమో, ఎక్కడ ఒత్తాలో అక్కడ సరిగ్గా కూర్చునే రింగులూ గొట్టాలూ అంత అవసరం. పాత బేరింగుల బయటి రేసులను (గోళీలు తిరిగే ఉక్కు వలయాలను) పారేయకుండా దాచి, బయటి వైపు కొద్దిగా సాన పట్టి లూజు చేసుకుంటే అవే మంచి రింగులవుతాయి. మిగతావి ఏ లేత్ షాపులోనైనా మందపాటి గొట్టం నుంచి కోయించుకోవచ్చు. హబ్ (చక్రం బిగించే భాగం) మీద ఇరుక్కుపోయిన లోపలి రేసును లాగడానికి ఒక బేరింగ్ సెపరేటర్ కూడా తప్పదు, ఎందుకంటే హబ్‌ను బయటికి నెట్టినప్పుడు బేరింగ్ రెండుగా విడిపోయి ఒక రేసు హబ్‌తోనే వచ్చేస్తుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. రెండేళ్లకు ఒక బేరింగ్ మార్చే ఇంటికి ప్రెస్ లాభం కాదు. మా వంటి షాపుల్లో ఒత్తింపు కూలి కొన్ని వందల రూపాయలే. మీకు రెండు బండ్లు, బంధువుల బండ్లు, సొంతంగా చేసుకోవాలన్న పట్టుదల ఉన్నాయి కాబట్టి వద్దని అనడం లేదు.

బలమితి (కాకినాడ):

యంత్రశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. లేత్‌పని గారు చెప్పిన వాటితో నాకు పేచీ లేదు. వెల్డింగ్ షాపులో చట్రం కట్టించే ఆలోచన గురించి మాత్రం కొంత వివరంగా రాయవలసి ఉంది, ఎందుకంటే 20 టన్నుల జాక్ కొని బలహీనమైన చట్రంలో పెట్టడం 10 టన్నుల జాక్ పెట్టడం కంటే ప్రమాదకరం. జాక్‌కు చట్రం సామర్థ్యం తెలియదు. తన బలమంతా పెట్టేదాకా నెడుతూనే ఉంటుంది.

20 టన్నులంటే సుమారు 196 కిలోన్యూటన్లు. స్తంభాల మధ్య దూరం 500 మిల్లీమీటర్లు, బలం సరిగ్గా నడుమ పడుతుంది అనుకుంటే, దూలాన్ని వంచే ప్రభావం, అంటే వంపు భ్రామకం, బలాన్ని దూరంతో గుణించి నాలుగుతో భాగిస్తే వస్తుంది: 24.5 కిలోన్యూటన్ మీటర్లు. ఇప్పుడు వెల్డింగ్ షాపులో చేతికి అందే 100 మిల్లీమీటర్ల సి చానెళ్లు రెండు జత చేసి బెడ్ కట్టారనుకోండి. ఒక్కొక్క చానెల్ సెక్షన్ మాడ్యులస్ (వంపును తట్టుకునే శక్తికి కొలత) సుమారు 37 ఘన సెంటీమీటర్లు, జతకు 75 లోపు. అందులో పుట్టే ప్రతిబలం (లోహం లోపలి ఒత్తిడి) చదరపు మిల్లీమీటరుకు దాదాపు 327 న్యూటన్లు. మామూలు నిర్మాణపు ఉక్కు 250 దగ్గరే శాశ్వతంగా వంగిపోతుంది. అంటే ఆ బెడ్ 20 టన్నుల జాక్ పూర్తి బలానికి ముందే లొంగిపోతుంది. అదే 150 మిల్లీమీటర్ల చానెళ్లు జతగా వాడితే సెక్షన్ మాడ్యులస్ 208 ఘన సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది, ప్రతిబలం 118కి దిగుతుంది, రెండు రెట్లకు పైగా భద్రత మిగులుతుంది. 125 మిల్లీమీటర్లవి మధ్యస్థంగా 184 దగ్గర నిలుస్తాయి; వంగిపోవు గానీ, నా ఇంట్లో అయితే పెట్టుకోను. పై దూలానికీ ఇదే లెక్క వర్తిస్తుంది, అక్కడ బలం పైకి తోస్తుందన్నదే తేడా.

చట్రం కట్టేవారు తరచుగా నిర్లక్ష్యం చేసేది బెడ్‌ను మోసే పిన్నులను. ప్రతి పక్కా సగం బరువు, అంటే 98 కిలోన్యూటన్లు, ఒక్క పిన్ను మీద పడి దాన్ని రెండు చోట్ల కోయడానికి ప్రయత్నిస్తుంది. 16 మిల్లీమీటర్ల కడ్డీ పిన్నుగా వేస్తే కోత ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు 244 న్యూటన్లకు చేరుతుంది. మామూలు ఉక్కు కోతకు తట్టుకోగలిగేది 144 మాత్రమే. 25 మిల్లీమీటర్ల పిన్ను అయితే 100 దగ్గర ఆగుతుంది. రంధ్రాలను గ్యాస్ కట్టర్‌తో కాల్చి చేస్తే అంచులు ఎగుడుదిగుడుగా ఉండి బెడ్ ఒక పక్కకు వాలుతుంది, కాబట్టి డ్రిల్ చేయించండి. రెండు స్తంభాలనూ జతగా బిగించి ఒకేసారి డ్రిల్ చేయిస్తే రెండు వైపులా ఎత్తు సమంగా వస్తుంది. వెల్డింగ్ అతుకులకు నా దగ్గర లెక్క చెప్పడం కష్టం, అది చేసిన చేతిని బట్టి ఉంటుంది. అందువల్ల పై దూలాన్ని స్తంభాలకు వెల్డింగ్‌తో పాటు బోల్టులతో కూడా బిగించమని అడగండి. మీ షాపు ఆయన ఈ వివరాలకు విసుక్కుంటే తయారైన ప్రెస్ కొనుక్కోవడమే మేలు.

డాలస్ గ్యారేజీ:

అందరికీ నమస్కారం. నేను టెక్సస్‌లో ఉంటున్నాను. ఇక్కడ లెక్క వేరు: మెకానిక్ గంట కూలితో పోలిస్తే 20 టన్నుల హెచ్ చట్రం ప్రెస్ ఒకటి రెండు పనులకే ఖరీదు రాబడుతుంది. అందుకే ఇంటి గ్యారేజీల్లో ఇవి చాలా కనిపిస్తాయి. నేను వాడేది బాటిల్ జాక్ రకం. గేజీ లేదు, ఆ లోటు తెలుస్తూనే ఉంటుంది. కొందరు గాలితో నడిచే జాక్ వేసుకుంటారు. రామ్ పని దగ్గరికి చకచకా దిగుతుంది గానీ, ఒత్తేటప్పుడు చేతికి స్పర్శ ఉండదు, కంప్రెసర్ మోత ఒకటి. ఇంటి పనికి నేను దాన్ని సిఫారసు చేయను.

తక్కువ ధర ప్రెస్‌లతో పాటు వచ్చే రెండు దిమ్మెల గురించి ఎవరూ ప్రస్తావించలేదు. గాడులు ఉన్న ఆ పలకలను వస్తువు కింద ఆనుగా పెట్టుకోవాలి. చాలావాటిలో అవి పోత ఇనుముతో చేసినవి. పోత ఇనుము వంగదు; ఒక అంచు మీద బలం పడితే ఒక్కసారిగా పగిలి ముక్కలు ఎగురుతాయి. ప్రెస్ కొన్న వెంటనే వాటిని పక్కన పడేసి, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు ఉక్కు పలకలు రెండు కోయించుకోండి. బేరింగ్ రేసులు కూడా గట్టిపరచిన ఉక్కే కాబట్టి అవీ అలాగే పగులుతాయి. పనికీ మీకూ మధ్య ఒక మందపాటి పాలికార్బొనేట్ రేకు వేలాడదీసుకుని, ముఖానికి షీల్డ్ పెట్టుకుని, రామ్‌కు ఎదురుగా కాకుండా పక్కగా నిలబడండి. స్ట్రట్ కాయిల్ స్ప్రింగును నొక్కడానికి ప్రెస్‌ను వాడవద్దు. ప్రెస్ ఉంది కదా అని ఆ ఆలోచన అందరికీ వస్తుంది. జారితే ఆ స్ప్రింగును ఆపేది ఏదీ ఉండదు.

మిచిగన్, ఒహాయో వైపు శీతకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడి నుంచి వచ్చిన కార్ల బేరింగులు దింపడానికి 20 టన్నులు కూడా చాలక వేడి పెట్టవలసి వస్తుంది. ఉక్కు ప్రతి డిగ్రీకి ప్రతి మీటరుకూ 12 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. 72 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నకుల్‌ను 80 డిగ్రీలు అదనంగా వేడి చేస్తే రంధ్రం దాదాపు 0.07 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బేరింగ్ పట్టు కూడా అంతకు అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి ఆ కొద్ది వేడే పెద్ద సాయం. ఎక్కించేటప్పుడు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది: నకుల్‌ను వేడి చేసి, కొత్త బేరింగ్‌ను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. బేరింగ్‌ను మాత్రం మంట దగ్గరికి తేవద్దు, లోపలి గ్రీసూ రబ్బరు సీళ్లూ పాడవుతాయి.

షెడ్డు ఆసామి (హనుమకొండ):

బలమితి గారి లెక్కను మా వెల్డింగ్ షాపు ఆయనకు చదివి వినిపించాను. 150 మిల్లీమీటర్ల చానెల్ ధర లెక్కవేసి, అది తయారైన ప్రెస్ ఖరీదుకు దగ్గరగా వస్తుందని ఆయనే అన్నాడు. కాబట్టి సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్లి, విడి పంపు, గేజీ ఉన్న 20 టన్నుల హెచ్ చట్రం ప్రెస్‌నే చూసుకుంటాను. దుకాణంలో ఏం పరీక్షించాలి? ఇంకొక సందేహం: నా స్విఫ్ట్‌కు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంది. బేరింగ్ మార్చేటప్పుడు దానివల్ల ప్రత్యేకంగా పాటించవలసింది ఏమైనా ఉందా?

లేత్‌పని (విజయవాడ):

దుకాణంలో ముందు చట్రం చూడండి. రెండు స్తంభాల మధ్య దూరాన్ని పైనా కిందా టేపుతో కొలిచి సమంగా ఉందో లేదో గమనించండి. బెడ్ మీద ఒక స్పిరిట్ లెవెల్ పెట్టి, రామ్‌ను పూర్తిగా దింపి మూలమట్టం ఆనించి చూడండి. రామ్‌ను పట్టుకుని పక్కలకు ఊపితే కొద్దిగా ఆట ఉండటం సహజమే, కానీ కంటికి స్పష్టంగా కనిపించేంత ఉండకూడదు. తరువాత బెడ్ మీద ఒక ఇనుప దిమ్మె పెట్టి, గేజీ 5 టన్నులు చూపించే దాకా పంపు కొట్టి, పది నిమిషాలు అలా వదిలేయమనండి. ముల్లు కిందికి జారిపోతుంటే లోపల వాల్వో సీలో కారుతున్నట్టు. దుకాణదారు దీనికి ఒప్పుకోకపోతే పక్క దుకాణానికి నడవండి, రాణీగంజ్‌లో వాటికి కొరత లేదు. ఆయిల్ తగ్గితే హైడ్రాలిక్ ఆయిలే పోయాలి. బ్రేక్ ఫ్లూయిడ్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి చెడిపోతాయి. ఓవర్‌లోడ్ వాల్వ్ స్క్రూను బిగించి ఇంకాస్త బలం తెప్పించుకుందామని ఎవరు చెప్పినా వినకండి. షెడ్డులో పెట్టాక కాళ్లను గచ్చుకు యాంకర్ బోల్టులతో బిగించండి; పైబరువు ఎక్కువ కాబట్టి, ఒక పక్కకు బరువైన పట్టీ వేలాడితే చట్రం తూలే అవకాశం ఉంది.

ఏబీఎస్ గురించి అడిగి మంచి పని చేశారు. చాలా కార్లలో ఇప్పుడు బేరింగ్ ఒక వైపు సీల్‌లోనే అయస్కాంతపు రింగు ఉంటుంది. సెన్సర్ చక్రం వేగాన్ని దాని ద్వారానే చదువుతుంది. ఆ వైపు సెన్సర్ ఉన్న దిక్కుకే రావాలి. తిరగేసి ఒత్తితే బేరింగ్ చక్కగా తిరుగుతుంది, కానీ డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ దీపం వెలిగే ఉంటుంది, మళ్లీ దింపితే ఆ కొత్త బేరింగ్ పనికిరాకుండా పోతుంది. కాబట్టి పాత బేరింగ్ దింపేముందే ఏ వైపు ఏది ఉందో ఫోటో తీసుకోండి. కొత్తదాని రెండు వైపులకూ ఒక పేపర్ క్లిప్‌ను మెల్లగా దగ్గరికి తెచ్చి చూస్తే అయస్కాంతం ఉన్న వైపు తెలిసిపోతుంది. బలమైన అయస్కాంతాలనూ ఇనుప రజనునూ ఆ వైపుకు దూరంగా ఉంచాలి. రింగు లేని రకమైతే ఈ గొడవ లేదు, విప్పి చూస్తే గానీ మీ కారులో ఏది ఉందో ఖాయం చేసుకోలేరు.

ఎక్కించేటప్పుడు క్రమం ఇది. నకుల్‌లోకి బేరింగ్‌ను దింపేటప్పుడు బయటి రేసు మీదే ఒత్తాలి. బేరింగ్‌లోకి హబ్‌ను దింపేటప్పుడు కింద ఆను లోపలి రేసుకే తగలాలి, నకుల్‌కు కాదు. ఈ రెండింటిలో ఏది తారుమారైనా బలమంతా గోళీల మీదుగా పోయి రేసుల మీద సన్నని గుంటలు పడతాయి. అవి కంటికి కనిపించవు. బండి రోడ్డెక్కిన కొద్ది రోజులకే మోత మళ్లీ మొదలవుతుంది, బేరింగ్ కంపెనీని తిట్టుకోవడం జరుగుతుంది. బయటి రేసు అడుగుకు ఆనాక బేరింగ్‌ను జారకుండా పట్టే సర్‌క్లిప్ తన గాడిలో చుట్టూ పూర్తిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. ఆ తరువాత నకుల్ బిగించి, యాక్సిల్ నట్‌ను సర్వీసు పుస్తకంలో చెప్పినంత టార్క్‌కు బిగించేవరకు చక్రం మీద బండి బరువు వేయవద్దు, ఒక్క అడుగు కూడా నెట్టవద్దు. ఆ బేరింగ్ లోపలి రేసు రెండు ముక్కలుగా ఉంటుంది, వాటిని దగ్గరగా పట్టి ఉంచేది ఆ నట్టే.

లోయర్ ఆర్మ్ బుష్‌ల రబ్బరులో ఖాళీలు వదిలి ఉంటే, వాటి దిక్కును ఆర్మ్ మీద గీత గీసుకుని గుర్తు పెట్టుకోండి; కొత్త బుష్‌ను అదే దిక్కున ఒత్తాలి. మీ కమాన్ పట్టీల బుష్‌లు చివరికి చేయండి. ముందు స్విఫ్ట్ పాత బేరింగ్ దింపాక, దాన్నే మళ్లీ ఎక్కించి దింపి చెయ్యి అలవాటు చేసుకోండి, ఎలాగూ పారేసేదే కదా.